మాత్రలు దాచుకునే చోటు లేని మనిషికి ఆరు నెలల క్షయ చికిత్స: ఒక కేస్ స్టడీ

నిరాశ్రయుల మధ్య పనిచేసే సామాజిక కార్యకర్తలకూ క్షయ విభాగం సిబ్బందికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఈ కేసును రాస్తున్నాను. సంబంధిత వ్యక్తి అనుమతి తీసుకున్నాను. పేరు, వయసు, ఊరు, పనిచేసిన చోట్లు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. ఆసుపత్రులనూ షెల్టర్‌నూ పేరు పెట్టి చెప్పడం లేదు. ఆయనను ఇక్కడ మల్లయ్య అంటాను.

వీధిలో బతికే మనిషి మందులు మధ్యలో ఆపేస్తే రికార్డులో "చికిత్స మానేశాడు" అని రాసి ఊరుకోవడం మామూలైపోయింది. మల్లయ్య చికిత్స ఆపిన ప్రతిసారీ దాని వెనుక ఒక లెక్క ఉంది. ఆ లెక్క నిరాశ్రయుల మధ్య పనిచేసే మా బృందానికి అర్థమయ్యేదాకా మేము చేసిన ఏర్పాటు ఏదీ నిలవలేదు.

నేపథ్యం

మల్లయ్యకు యాభై దాటాయి. పాలమూరు వైపు నుంచి వయసులో ఉన్నప్పుడే కూలికోసం హైదరాబాద్ వచ్చారు. మొదట సెంట్రింగ్ పని చేశారు. నడుము దెబ్బతిన్నాక కేటరింగ్‌లో బోళ్లు కడిగే పనిలో కుదురుకున్నారు. మేము కలిసేనాటికి సికింద్రాబాద్‌లోని ఒక వ్యాపార వీధిలో, రాత్రి మూసేసిన దుకాణాల మెట్ల మీద ఏళ్ల తరబడిగా పడుకుంటున్నారు. పేవ్‌మెంట్ మీద పడుకునేవారంతా అడుక్కునేవారేనని చాలామంది అనుకుంటారు. మల్లయ్య ఎన్నడూ ఎవరి ముందూ చేయి చాచలేదు.

ఆయన రోజు ఎలా గడుస్తుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో కీలకమంతా అందులోనే ఉంది. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో కేటరింగ్ మేస్త్రీ డీసీఎం వ్యాను ఆ వీధి మలుపు దగ్గర ఆగుతుంది. అక్కడ నిలబడి ఉన్నవారిని ఎక్కించుకుని ఊరి చివరి ఫంక్షన్ హాళ్లకు తీసుకెళ్తుంది. ఫోన్లు చేసి పిలవడం ఉండదు; కనిపించినవారికే పని. పెళ్లి భోజనాలు ముగిసి, గంజులూ డేక్సాలూ కడిగి వ్యానుకు ఎక్కించేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. తిరిగి మలుపు దగ్గర దిగేసరికి మూడున్నర. నిద్ర అప్పటి నుంచి ఉదయం తొమ్మిదిన్నర వరకు, అంటే దుకాణాల షట్టర్లు లేచేదాకానే. తర్వాత దగ్గర్లోని సులభ్ కాంప్లెక్స్‌లో స్నానం, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం, మళ్లీ మలుపు దగ్గర ఎదురుచూపు. ముహూర్తాలున్న రోజుల్లో రాత్రికి ఐదారు వందలు వస్తాయి. మూఢమో ఆషాఢమో వస్తే వారాల తరబడి ఏమీ రాదు.

ఇలాంటివారు లెక్కలకు కూడా సరిగా అందరు. 2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది అని తేలింది. ఆ లెక్క ఫిబ్రవరి 28 రాత్రి, వీధుల్లో పడుకున్నవారిని చూసి తీసినది. ఆ వేళకు ఏదో ఒక ఫంక్షన్ హాలు వెనుక గిన్నెలు కడుగుతున్న మల్లయ్యలాంటివారిని ఎన్యుమరేటరు ఎక్కడ వెతకగలడు?

సమస్య మా ముందుకు వచ్చిన తీరు

మాఘమాసం ముహూర్తాల హడావుడిలో, పక్క మెట్ల మీద పడుకునే ఆయన స్నేహితుడే మాకు కబురు చేశాడు. నెలకు పైగా దగ్గు, రాత్రి చెమటలు, కళ్లెలో రక్తం చారలు ఉన్నాయి. పరీక్షలో ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. క్షయకు ప్రధానమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమే కావడంతో మామూలు ఆరు నెలల చికిత్స సరిపోతుంది: రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్ర, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు మందుల మాత్ర. బరువు 38 కిలోలు, కాబట్టి రోజుకు మూడు మాత్రలు. కాగితం మీద ఇది తేలికైన కేసు.

దానితో పాటు కల్లు ఉంది. పని నుంచి దిగాక నిద్రకోసం, పని లేని రోజుల్లో పొద్దంతా. హైదరాబాద్‌లో సీసాల్లో అమ్మే కల్లులో అల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపిన ఉదంతాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు ఫిట్స్‌తో, భ్రమలతో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం బారులు తీరిన సంగతి నగరంలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందువల్ల మల్లయ్యది ఉత్త కల్లు అలవాటు కాదని, మత్తుమందుల మీద ఆధారపడటమని మొదటి నుంచే అనుకున్నాం. అయితే ప్రాణానికి ప్రమాదమున్నది క్షయతో కాబట్టి ముందు దాని సంగతి చూడాలని నిర్ణయించాం. ఆ రోజు మా చేతిలో ఉన్న సమాచారానికి అది సబబైన నిర్ణయమే.

నిలవని ఏర్పాట్లు

మొదట నైట్ షెల్టర్‌ను ప్రయత్నించాం. 2010లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత, 2013 నుంచి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద, లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున ఉండాలన్న ప్రమాణం వచ్చింది. పడక, లాకరు, స్నానానికి నీళ్లు ఒకే చోట దొరుకుతాయి కాబట్టి మందులు నిలకడగా వేసుకోవడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుందని మా ఆలోచన. కానీ ఆ షెల్టర్ గేటు రాత్రి పదికి మూస్తారు, మల్లయ్య పని ముగిసేది ఒంటిగంటకు. పైగా అది వ్యాను ఆగే మలుపుకు దూరం. దగ్గుతున్న మనిషిని నిండు హాల్లో చేర్చుకోవడానికి షెల్టర్ నిర్వాహకులు జంకారు. వారిని తప్పుపట్టలేం. పడకలు దగ్గరదగ్గరగా ఉన్న గదిలో చికిత్స మొదలుకాని క్షయ రోగిని పెడితే మిగతావారి సంగతేమిటన్న వారి ప్రశ్న న్యాయమైనదే.

మల్లయ్యకు ఇంకో భయం కూడా ఉంది. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగరంలో భిక్షాటన నిషేధించి, వీధుల్లో ఉన్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఆ తర్వాత ఏ వాహనం వచ్చి షెల్టర్ మాట ఎత్తినా పేవ్‌మెంట్ మీదివారు మూటలు సర్దుకుని పక్క వీధిలోకి తప్పుకుంటారు. ఆ భయాన్ని నచ్చజెప్పి తీసేయగలమని మేము అనుకోలేదు.

తర్వాత ఆసుపత్రిలో చేర్పించాం. మొదటి కొన్ని వారాలు వైద్యుల కంటి ముందు మందులు పడితే బలం పుంజుకుంటాడని, ఈలోగా ఇతరులకు సోకే ప్రమాదం తగ్గుతుందని అలా చేశాం. మూడో రాత్రే ఆయన వార్డు నుంచి వెళ్లిపోయారు. కేస్ షీట్‌లో "చెప్పకుండా వెళ్లిపోయాడు" అని రాశారు. మలుపు దగ్గర కనిపించినప్పుడు చేతులు వణుకుతున్నాయి. గోడల మీద పురుగులు పాకినట్టు కనిపించాయని, పక్క మంచం అతను తనను కొట్టడానికి వస్తున్నాడనిపించిందని చెప్పారు. కల్లు ఆగిపోవడం వల్ల వచ్చిన లక్షణాలవి. వెంట అటెండెంట్ కూడా లేకపోవడంతో రాత్రివేళ ఆ మార్పును గమనించి నర్సుకు చెప్పేవారే లేరు.

మూడోది, మాత్రలు చేతికిచ్చి గుర్తుచేస్తూ ఉండటం. మాత్ర తీశాక స్ట్రిప్ మీద కనిపించే నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చే పద్ధతి ఉంది కానీ అందుకు ఫోన్ ఉండాలి. మల్లయ్యకు కొనిచ్చిన ఫోన్ నిద్రలో ఎవరో తీసుకుపోయారు. మాత్రలు దాచడానికి ఆయన చేసుకున్న ఏర్పాటును ఒకసారి దగ్గరగా చూశాను. దుకాణం షట్టర్ పెట్టెకూ బోర్డుకూ మధ్య జానెడు సందు ఉంది. స్ట్రిప్పులను పాలిథిన్‌లో చుట్టి, దాని మీద మేస్త్రీ ఇచ్చిన పాత టీషర్టు చుట్టి, మెట్టు మీద మునివేళ్లపై నిలబడి ఆ సందులోకి తోసేవారు. అంతకంటే జాగ్రత్తగా ఎవరు మాత్రం దాచగలరు? వైశాఖంలో పడిన అకాల వానకు బోర్డు వెనుక నుంచి నీళ్లు కారి మాత్రలన్నీ ముద్దయ్యాయి. ఆ తర్వాత కొత్త స్ట్రిప్పులు మూటలో పెట్టుకుంటే, వీధి ఖాళీ చేయించే క్రమంలో ఒక ఉదయం మూటే చెత్త బండిలోకి వెళ్లిపోయింది. దుప్పటి, అల్యూమినియం గిన్నె, ఆధార్ కాగితం కూడా అందులోనే పోయాయి.

ఊరికి పంపించే ఆలోచన కూడా చర్చకు వచ్చింది. తమ్ముడు ఉన్నాడు, అడిగితే తీసుకెళ్లేవాడేమో. మల్లయ్య మాత్రం కచ్చితంగా వద్దన్నారు. కారణం చెప్పారు, అది ఇక్కడ రాయను. కుటుంబంతో కలపడాన్ని మన రంగంలో పెద్ద విజయంగా లెక్కిస్తారు. కానీ ఆ మనిషి వద్దన్నప్పుడు దాన్ని పక్కన పెట్టాలి, మళ్లీ మళ్లీ అడిగి విసిగించకూడదు.

కేసు మలుపు తిరిగిన చోటు

మందులు ఇలా తెగుతూ సాగుతున్న రోజుల్లో మల్లయ్య ఒక మాట పదేపదే అనేవారు. "ఈ గోలీలు ఏసుకుంటే కల్లు ఎక్కుతలేదు సార్. నిద్ర పడ్తలేదు, ఒళ్లంతా గుంజుతున్నది." మందులు మానడానికి ఇదొక సాకు అని ఎవరైనా అనుకోవడం సహజం. మా బృందంలోని ఒక సహోద్యోగి ఆ మాటను ఉన్నదున్నట్టుగా నోట్ చేసుకుని మానసిక వైద్యుడి ముందు పెట్టారు. ఆయన వెంటనే విషయం పట్టుకున్నారు. రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను చురుకు చేసి, అల్ప్రజోలం, డయాజెపాం వంటి మందులను శరీరం నుంచి త్వరగా బయటికి పంపించేస్తుంది. అంటే అంతే కల్లు తాగినా అందులోని మత్తుమందు ప్రభావం తగ్గిపోతుంది, అలవాటైన మత్తు అందనప్పుడు వచ్చే విత్‌డ్రాయల్ లక్షణాలు మొదలవుతాయి. మల్లయ్యకు అనుభవంలోకి వచ్చింది అదేనని వైద్యుడు అభిప్రాయపడ్డారు.

దీంతో అంతకుముందు జరిగినదంతా వేరుగా అర్థమైంది. మాత్రలు వరుసగా వేసుకున్న రోజుల్లో వణుకు, నిద్రలేమి. మానేసి కొన్నాళ్లయ్యాక ఒళ్లు తేలిక, పనికి పోగలగడం. దగ్గు రేపటి సంగతి, వణుకు ఇవాళ్టి సంగతి. చేతులు వణికితే మేస్త్రీ వ్యానెక్కనివ్వడు. ఈ లెక్క ప్రకారం మందు మానడమే ఆయనకు తెలివైన పని. ఆ స్థితిలో కల్లు తాగొద్దు, మందులు మానొద్దు అని చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా కల్లు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. రెండు సమస్యలకూ ఒకే చోట, ఒకే కాలంలో చికిత్స జరగాలని తేలింది. మందులు తెగినందువల్ల ముందుగా కళ్లె పరీక్ష మళ్లీ చేయించాం. అదృష్టవశాత్తూ మందులకు నిరోధకత రాలేదు.

ఆషాఢంలో చేర్పించడం

చేర్పించే కాలాన్ని మల్లయ్యే సూచించారు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, వ్యాను రాదు, ఆసుపత్రిలో ఉన్నా పోయే కూలి లేదు. అంతకుముందు మాఘంలో చేర్పించినప్పుడు ఆయన రోజుకు ఐదారు వందలు వదులుకుని మంచం మీద పడుకోవాల్సి వచ్చింది. వెళ్లిపోవడానికి విత్‌డ్రాయల్‌తో పాటు అదీ ఒక కారణమే.

రిజిస్ట్రేషన్ కౌంటర్లో తెల్లకార్డు అడిగారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిరాశ్రయులకు కార్డు ఉన్నా లేకపోయినా ప్రభుత్వ సంస్థల్లో ఉచితంగా మానసిక చికిత్స పొందే హక్కు ఉంది. 18వ సెక్షన్ ప్రతిని చూపించి, గొంతు పెంచకుండా మాట్లాడితే పని జరిగింది. క్షేత్రంలో తిరిగేవారు ఆ కాగితం సంచిలో పెట్టుకోవడం మంచిది.

అటెండెంట్‌గా పక్క మెట్ల స్నేహితుడే ఉన్నాడు. ఆయన ఉన్న రోజులకు కూలి డబ్బు మేము చెల్లించాం. సంస్థలో కొందరు దీన్ని ప్రశ్నించారు. ఇంటి మనుషులకు డబ్బివ్వం కదా అన్నారు. ఇంటి మనుషులకు ఆ రాత్రి తినడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉంటుంది, ఈయనకు కూలి పోతే తిండి పోయినట్టే. ఈ ఖర్చును సమర్థించుకోవడానికి నాకు ఎలాంటి సంకోచమూ లేదు.

మత్తుమందు అవసరాన్ని వైద్యులు మోతాదు నిర్ణయించి క్రమంగా తగ్గిస్తూ వచ్చారు, దానితో పాటే క్షయ మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. రెండో వారం దాటాక సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు వచ్చాయి. అమ్మవారి దగ్గరకు పోకుండా ఎప్పుడూ లేనని, వెళ్లే తీరతానని మల్లయ్య పట్టుబట్టారు. బోనాల్లో అమ్మవారికి కల్లు సాక పోయడం ఆచారం, కాబట్టి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆపితే చెప్పకుండా పోతారు, పోయాక సిగ్గుతో తిరిగిరారు. చెప్పి వెళ్లి చెప్పి వచ్చే దారి తెరిచి ఉంచడమే నయమని వైద్యుడూ మేమూ కలిసి నిర్ణయించాం. స్నేహితుణ్ణి వెంట పంపాం. ఆ సాయంత్రం మల్లయ్య తాగారు, మర్నాడు పొద్దున వార్డుకు తిరిగొచ్చారు. కేస్ షీట్ మూసేయకుండా అదే మంచం మీద చికిత్స కొనసాగించిన ఆ వైద్యుడి నిర్ణయం ఈ కేసులో చాలా విలువైనది.

ఇంకో లాభం మేము ముందుగా ఊహించలేదు. చికిత్స సక్రమంగా సాగిన కొన్ని వారాల తర్వాతే శ్రావణ ముహూర్తాలు వచ్చాయి. కాబట్టి టార్పాలిన్ కప్పిన వ్యానులో పదిమందితో కలిసి గంటసేపు ప్రయాణించేనాటికి ఇతరులకు సోకే ప్రమాదం బాగా తగ్గింది. మేస్త్రీకి జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది అప్పటిదాకా మమ్మల్ని వేధించిన ప్రశ్న. క్షయ గాలి ద్వారా సోకేదే తప్ప గిన్నెల ద్వారా అంటుకోదు; చెబితే మాత్రం పని పోవడం ఖాయం. వైద్యుడితో మాట్లాడి, చెప్పకూడదని నిర్ణయించాం. వ్యానులో వెళ్లేవారికీ మెట్ల మీద పడుకునేవారికీ సాధారణ వైద్య శిబిరం పేరుతో కళ్లె పరీక్షలు చేయించాం. వారిలో ఒకరికి క్షయ బయటపడి చికిత్స మొదలైంది.

సులభ్ కాంప్లెక్స్ అలమర

మాత్రలు ఎక్కడ పెట్టాలన్నది చివరి చిక్కు. మల్లయ్య రోజులో మారనిది ఒక్కటే: పని ఉన్నా లేకపోయినా, తాగినా తాగకపోయినా, పొద్దున పదింటికి సులభ్‌కు వెళ్లడం. మందుల కేంద్రం పదకొండు గంటలకు రమ్మంటే ఆయన రోజును దానికోసం మార్చుకోవాలి. సులభ్‌లో మాత్రలు ఉంటే ఏదీ మార్చుకోనవసరం లేదు. కౌంటర్ దగ్గర కూర్చునే నిర్వాహకుడికి తాళం వేసే చిన్న అలమర ఉంది. క్షయ నిర్మూలన కార్యక్రమంలో రోగి చేత మందు వేయించే సహాయకుడు ఆరోగ్య సిబ్బందే కానవసరం లేదు. కుటుంబసభ్యులు కాని ఎవరైనా ఆ బాధ్యత తీసుకుంటే, మామూలు క్షయ కేసు చికిత్స పూర్తయ్యాక ప్రభుత్వం వారికి వెయ్యి రూపాయల గౌరవ వేతనం ఇస్తుంది.

నిర్వాహకుడితో మాట్లాడే ముందు మల్లయ్యను అడిగాం. ఒక రోజంతా ఆలోచించి, "ఆయనకు నా దగ్గు ఎట్లాగూ తెలుసు" అని ఒప్పుకున్నారు. ఆ తర్వాత పద్ధతి కుదిరింది. స్నానం, ఒక చాయ్, రెండు బిస్కెట్లు, మూడు మాత్రలు, కార్డు మీద ఒక గీత. మూత్రం ఎర్రగా రావడం చూసి మల్లయ్య రక్తమని మొదట భయపడినప్పుడు, అది మందు రంగేనని చెప్పి ధైర్యమిచ్చింది కూడా ఆ నిర్వాహకుడే. అంతకుముందు మేము ఆ సంగతి ఆయనకు చెప్పి ఉంచాం. రాత్రి పని ఆలస్యమై మల్లయ్య రాని రోజు ఆయనే మెట్ల దాకా వెళ్లి లేపి వచ్చిన సందర్భాలున్నాయి.

పోషకాహారం కోసం ఇచ్చే సొమ్ము మాత్రం చాలా ఆలస్యమైంది. అప్పట్లో నెలకు 500 రూపాయలు. 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. బ్యాంకు ఖాతా కావాలి, దానికి ఆధార్ కావాలి. ఆధార్ పోయింది, నంబరు గుర్తులేదు. ఒకసారి నమోదైనవారికి కొత్త ఆధార్ ఇవ్వరు, వేలిముద్రలతో పాత నంబరు వెతకాలి. సోడా పొడిలో ఏళ్ల తరబడి గిన్నెలు తోమిన వేళ్ల మీద గీతలే మిగల్లేదు. కంటిపాప ముద్రతో చివరికి దొరికింది. సాయం బాగా అవసరమైన మొదటి నెలలు గడిచిపోయాక, చికిత్స చివరి దశలో డబ్బు పడింది. ఈలోగా గుడ్లకూ పాలకూ విరాళాల నుంచి ఖర్చుపెట్టాం.

నేర్చుకున్నవి, మిగిలినవి

ఈ కేసు తర్వాత కొత్తగా కలిసినవారి వివరాలు రాసుకునే మా బృందం ఇంటేక్ ఫారం మారింది. అంతకుముందు "ఎక్కడ పడుకుంటారు?" అన్న ప్రశ్న ఉండేది. ఇప్పుడు దానికి తోడుగా, అక్కడే ఎందుకు, పని ఎవరు ఎక్కడి నుంచి ఎన్ని గంటలకు తీసుకెళ్తారు, సామాను ఎవరి దగ్గర పెడతారు, రోజూ తప్పకుండా వెళ్లే చోటు ఏది అని అడుగుతున్నాం. షెల్టర్ వద్దన్నవారి పేరు ఎదురుగా "నిరాకరించారు" అని రాసి వదిలేయకుండా కారణం రాస్తున్నాం. గేటు మూసే వేళ గురించి అలా పోగైన కారణాలను చూపించాక, ఒక షెల్టర్‌లో రాత్రి పనివారిని తెల్లవారుజామున లోపలికి అనుమతించడానికి అంగీకరించారు. పదిమందికే అయినా అది పెద్ద మార్పు. మందుల గురించి రోగి చెప్పే ఫిర్యాదును, ఎంత వింతగా అనిపించినా, ఆయన మాటల్లోనే వైద్యుడికి చేరవేయడం ఇప్పుడు మాకు నియమం.

సఫలమైందని చెబుతున్నంత మాత్రాన అన్నీ చక్కబడలేదు. చికిత్స పూర్తయింది, బరువు 46 కిలోలకు చేరింది. కల్లు తగ్గింది కానీ మానలేదు. మూఢం రోజుల్లో పని లేనప్పుడు మళ్లీ పెరుగుతుంది. ఆయనకు ఇల్లు రాలేదు. మేస్త్రీ గిన్నెల గోదాములో రాత్రి కాపలాగా పడుకోమన్నాడు. ఆ గోదాముకు కిటికీ లేకపోవడంతో, కళ్లె నెగెటివ్ వచ్చేదాకా వద్దని మేమే ఆపి, ఆ తర్వాత వెళ్లనిచ్చాం. వానాకాలం గోదాములో, ఎండాకాలం ఉక్క భరించలేక మెట్ల మీద, ఇప్పుడు ఆయన ఏడాది ఇలా గడుస్తోంది.

చికిత్స ముగిశాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి పరీక్ష చేయాలి. మొదటిదానికి మల్లయ్య వచ్చారు, ఫలితం నెగెటివ్. సులభ్ నిర్వాహకుడు వేరే కాంప్లెక్స్‌కు మారిపోయాడు. అందువల్ల తర్వాతి పరీక్షకు పిలవడానికి మా రిజిస్టర్‌లో ఇప్పుడు పక్క మెట్ల స్నేహితుడి నంబరు, గోదాము ఉన్న సందు, వ్యాను మలుపు దగ్గర ఆగే వేళ రాసి పెట్టుకున్నాం. ఆ పరీక్ష మాఘంలో వస్తోంది కాబట్టి ఉదయం పదకొండుకు ముందే చేసేటట్టు ల్యాబ్‌తో మాట్లాడాం.